గడబిడ కరువైన మధ్యాహ్నం

ఇది ఒక మహాసంగ్రామం కథ. ఇందుల ఒక గోడ ఉంది. ఆ గోడ కోసం నిచ్చెనతోని పొంచి ఉన్న శత్రువు ఉన్నడు. పొద్దు వాలేలోపల తేలిపోవాల్సిన గడువు ఉంది. పదేండ్ల వయసుల సుత్తి పట్టి, డెబ్బై దాటినా దింపని వృద్ధవీరుడు ఉన్నడు. చదివినోళ్లకు రోమాలు నిక్కబొడుచుకోవాలె.

నిక్కబొడుచుకోవు. ఇప్పుడే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. గోడ ఎత్తు ఏడడుగులు, సున్నం రాలుతున్నది. శత్రువు కింద హోటల్ల చాయ్ తాగుతున్నడు. వీరుడు మెట్లెక్కొచ్చి ఆయాసపడి మంచినీళ్లు అడిగిండు. సంగ్రామం మొత్తం ఒక కీబోర్డు మీద జరిగింది, దాని స్పేస్‌బార్ ఎడమదిక్కు లేసి ఉంటది.

మాది కిషన్‌బాగ్. ఇంట్ల బర్రెలు, పాల వ్యాపారం. నేను కంప్యూటర్లు చదువుకుంట అన్నప్పుడు బాపు ఒక్కటే అడిగిండు, "ఆ పనికి పొద్దుగాల ఎన్నింటికి లేవాలె?" అని. ఎనిమిదింటికి లేస్తే నడుస్తది అన్న. అప్పటిదాకా నా మీద ఉన్న కొంచెం గౌరవం ఆ జవాబుతోని పోయింది, మళ్ల రాలే. చదువైనంక పాతబస్తీల ఒక ఇంటర్నెట్ ఆఫీసుల చేరిన. పెద్ద కంపెనీ అనుకోకున్రి. గాజుల దుకాణం మీది అంతస్తుల రెండు గదులు. ముందుగదిల ఓనరు కూసుంటడు, మేమందరం అన్నా అంటం. మేమందరం అంటే నేను, ఫోన్లు ఎత్తే అక్క, కరెంటు స్తంభాలెక్కే ఇద్దరు లైన్‌మెన్లు. అన్న ఒకప్పుడు మిద్దెల మీదికెళ్లి కేబుల్ టీవీ వైర్లు గుంజిన మనిషి. తర్వాత అవే మిద్దెల మీదికెళ్లి ఇంటర్నెట్ గుంజిండు. జనానికి పెద్ద ఫరక్ తెల్వలే. అప్పుడు సీరియల్ మధ్యల బొమ్మ పోతే ఆయన్నే తిట్టిన్రు, ఇప్పుడూ ఆయన్నే తిడుతున్నరు.

వెనకగదిల నేను, మూడు సర్వర్లు. అందుల ఒకటి డీఎన్ఎస్ సర్వర్. అదేంది అంటే: మా గల్లీలకు కొత్తమనిషి వస్తే మూలమీద పాన్ డబ్బా కాడ ఆగి, ఫలానా దుకాణం ఎక్కడ అని అడుగుతడు గద. డీఎన్ఎస్ ఆ పాన్ డబ్బా మనిషి. మీరు ఫోన్ల ఒక సైటు పేరు కొడితే, ఆ పేరు ఏ నంబరు కాడ ఉంటదో చెప్పేది అదే. రోడ్లన్నీ మంచిగున్నా సరే, ఆయన డబ్బా మూసుకొని ఇంటికి పోయిండా, బస్తీ బస్తీ నడిరోడ్డు మీద నిలవడ్తది. ఒక్కటే తేడా. మా దిక్కు పాన్ డబ్బా మనిషి తెల్వకున్నా "సీదా పో" అంటడు. సర్వర్ తెల్వకుంటే తెల్వదంటది. అందుకే దానికి పాతబస్తీల దోస్తులు లేరు.

మా పాత డీఎన్ఎస్ డబ్బా చానా ఏండ్లు నడిచింది. లోపల ఫ్యాన్ మూలుగుతుండె, హార్డ్ డిస్క్ పండ్లు కొరుకుతుండె. ఒక పొద్దుగాల పదకొండింటికి రెండూ కలిసి సప్పుడు ఆపినయి. గదిల ఎన్నడూ లేనంత శాంతి. ముందుగదిల ఫోన్లు మాత్రం ఒకటెనక ఒకటి మోగవట్టినయి.

నేను భయపడలే. కొత్త డబ్బా ముందే తెప్పించి పెట్టిన. టిఫిన్ డబ్బంత ఉంటది. ఫ్యాన్ లేదు, తిరిగే డిస్క్ లేదు, మెమరీ కార్డు మీద నడుస్తది, ఏ సప్పుడూ చెయ్యదు. దాని మీద ఎక్కేది ఒక పాత లినక్సే, గాని మాకు చాలు. పెన్ డ్రైవ్‌ల సెట్టింగుల బ్యాకప్ ఉంది. నా లాప్‌టాప్‌కెళ్లే దాంట్ల డీఎన్ఎస్ సాఫ్ట్‌వేర్ ఎక్కించిన, సెట్టింగులు పోసిన, స్టార్ట్ కొట్టిన.

స్టార్ట్ కాలే. తాళంచెవి ఫైలు లేదు అన్నది.

నిజమే, లేదు. ఈ సాఫ్ట్‌వేర్‌కు ఒక రహస్యమైన తాళంచెవి ఉంటది, అంకెల వరుస. సెట్టింగులల్ల ఒక లైను దాన్ని పిలుస్తది. తాళంచెవిని బ్యాకప్‌ల పెట్టుకోవద్దు, సేఫ్ కాదు అని ఎక్కడనో చదివిన. మరి ఎక్కడ పెట్టుకోవాల్నో ఆ కింద పేరాల రాసి ఉండొచ్చు. నేను ఆ పేరా దాకా పోలే.

సరే, కొత్తది చేసుకుందమని ఆ కమాండ్ కొట్టిన. రెండు సెకన్ల పని. కర్సర్ మిణుకుమన్నది. మళ్ల మిణుకుమన్నది. ఇరవై నిమిషాలైనా మిణుకుమంటనే ఉన్నది. ముందుగదిల అన్న ఫోన్ల పది నిమిషాలల్ల వస్తది అని చెప్తున్నడు. ఆ పది నిమిషాలు ఆయన అప్పటికి నలుగురికి ఇచ్చిండు.

మధ్యాహ్నం మూడింటికి మెట్ల మీద అడుగుల సప్పుడు, ఆయాసం, మంచినీళ్లు. చాచా వచ్చిండు.

చాచా ఎవరంటే, ఎనక గల్లీల వరఖ్ కొట్టే ఉస్తాద్. మిఠాయిల మీద వెండిరేకు అతికిస్తరు గద, అది వరఖ్. వెండి ముక్కల్ని తోలు పుస్తకంల పేజీల మధ్యల పెట్టి, బండ మీద ఆ పుస్తకాన్ని సుత్తితోని గంటలకొద్ది కొడతరు. వెండి పల్చబడి పల్చబడి, ఊపిరి తగిలితే ఎగిరిపోయేటంత అయితది. దెబ్బలన్నీ ఒక్క తీరుగ పడాలె. ఒక్కటి ఎక్కువ తక్కువ పడితే రేకు చిరుగుతది. చాచా కొడుతుంటే ఎదురింటి గోడగడియారం టైము కోసం ఆయన దిక్కు చూస్తదని గల్లీల అంటరు.

మాకు మాత్రం ఆయన వరఖ్ కన్నా ఆయన గోడ ముఖ్యం. ఆయన కార్ఖానా గోడకు ఒక ఇనుప హుక్కు ఉంది. ఆ గల్లీలకు పోయే మా వైర్లన్నీ ఆ హుక్కు మీదికెళ్లే పోతయి. అన్న కేబుల్ టీవీ రోజులల్ల మొట్టమొదట గుంజిన గల్లీ అదే. గోడ పోతే గల్లీ పోతది.

"క్యా మియా," అన్నడు చాచా కుర్చీల కూలబడి, అన్న దిక్కు చూసి. "గోడ నాది. హుక్కు నాది. నెట్టు మాత్రం కిసీకా నై, ఎవ్వనిదీ కాదు. పొద్దుగాలకెళ్లి నా కబూతర్లు, ఆ పావురాల వీడియో ఒక్కటి ఖుల్తా నై."

"దస్ మినిట్, చాచా."

"ఫోన్ల గూడ దస్ మినిటే అన్నవు. రెండు గంటలైంది. కింద ఆ ఇంకో నెట్టు కంపెనీ పోరడు నిచ్చెన పట్టుకొని వచ్చిండు. కాగితం మీద దస్తఖత్ పెట్టు చాచా, మా వైరు కడత, వాళ్లది తీసేస్త అంటున్నడు. అచ్ఛా బచ్చా హై, సలాం గూడ చేసిండు."

కిటికీలకెళ్లి కిందికి చూసిన. నిజంగనే నిచ్చెన హోటల్ గోడకు ఆనించి ఉన్నది. దాని పక్కన అవతలి కంపెనీ మనిషి సాసర్ల చాయ్ పోసుకొని తాగుతున్నడు. నన్ను చూసి చెయ్యి ఊపిండు, బస్టాపుల చుట్టం కనవడ్డట్టు. నేనూ ఊపిన. ఏం చేస్త.

"నేను జబాన్ మనిషిని, మాట తప్పను," అన్నడు చాచా. "అసర్ అజాన్ దాకా ఇక్కడనే కూసుంట. అప్పటిలోపల నెట్టు వచ్చిందా, గోడ మీ వైరుకే. రాలేదా, ఆ పోరనికి దస్తఖత్. బస్."

అసర్ అంటే సాయంత్రం నమాజు, ఐదుకు కొంచెం ఇటు. రెండు గంటలున్నది. అన్న నన్ను వెనకగదిలకు గుంజి తలుపేసిండు. ఆయన మొఖం చూస్తే నాకు మొదటిసారి నవ్వు రాలే.

"రేయ్, నిజం చెప్పు. ఏం రోగం దానికి?"

చెప్పిన. అప్పటికే గంటసేపు ఫోన్ల డేటాతోని చదివిన కాబట్టి తెలిసింది. తాళంచెవి అంటే ఎవ్వడూ ఊహించలేని అంకెలు. కంప్యూటరేమో చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి, సొంతంగ ఊహించలేనిది ఏదీ చెయ్యలేదు. అందుకని బయటికెళ్లి గడబిడ ఏరుకుంటది. కీబోర్డు మీద వేలు ఏ క్షణాన పడ్డది, డిస్క్ తిరుగుట్ల ఎంత తడబడ్డది, ఆ చిన్న చిన్న తేడాలన్నీ ఒక కుండల పోసుకుంటది. తాళంచెవి కావాలంటే ఆ కుండలకెళ్లి తీస్తది. కుండ ఖాళీగ ఉంటే నిండేదాకా ఆగుతది. మా కొత్త డబ్బాకు ఫ్యాన్ లేదు, డిస్క్ లేదు, కీబోర్డు గూడ లేదు. ముక్కు మూసుకొని కూసున్న మునిలెక్క ఉన్నది. కుండల చుక్క లేదు.

అన్న డబ్బా మీద చెవి పెట్టి ఇన్నడు.

"గడబిడ లేక ఆగిందా?"

"అవునన్నా."

"పాతబస్తీల?"

"అవునన్నా."

ఆయన కిటికీ రెక్కలు రెండూ తెరిచిండు. కింద ఆటో వెనక ఆటో, వాటి మధ్యల ఒక తోపుడుబండి అడ్డం తిరిగి, దాని చుట్టూ నలుగురు నాలుగు భాషలల్ల సలహాలిస్తున్నరు. అన్న డబ్బాను రెండు చేతులతోని లేపి, వైర్లతో సహా కిటికీల పెట్టి, మొఖం బయటికి తిప్పిండు.

"ఇనమను."

"అన్నా, దానికి చెవుల్లేవు."

"మైకు పెడదమా?"

నవ్విన. మైకు పెట్టి అట్ల గడబిడ పోగుచేసేటోళ్లు నిజంగనే ఉన్నరని నాకు చానా దినాల తర్వాత తెలిసింది. ఆ మాట అన్నకు ఇప్పటిదాకా చెప్పలే, చెప్పను గూడ.

"ఏం ఫికర్ లేదన్నా," అన్న. "ఒక కీబోర్డు ఇయ్యి. దీనికి తగిలించి అడ్డదిడ్డంగ నొక్కుత. అర నిమిషం పని."

అన్న ఉరికిపోయి బిల్లుల కంప్యూటర్ కీబోర్డు ఊడబీకిండు, నేను తెచ్చి డబ్బాకు గుచ్చిన. నా లాప్‌టాప్‌ల కుండ ఎంత నిండిందో చూపించే అంకె తెరిచిపెట్టుకున్న. ఇగ వేళ్లు లేపిన. కథ ఇక్కడ అయిపోవాలె. అయిపోయేది గూడ.

గాని చాచా తలుపుల నిలబడి ఉన్నడు.

"ఏం చేస్తున్నవు, పాలోళ్ల పిల్లగా?"

"ఏం లేదు చాచా. దీని మీద వేళ్లతోని దెబ్బలెయ్యాలె. మషీన్ లేస్తది."

"దెబ్బలా," అన్నడు చాచా. ఆ మాట ఆయన నోట్ల మిఠాయిలెక్క తిరిగింది.

అప్పుడు అన్న చేసిన పని మా దిక్కు మనుషులు మాత్రమే చేస్తరు. మాకు ఏది మొదలువెట్టినా ఒక పెద్దమనిషి చెయ్యి పడాలె. దుకాణం తెరిచినా, బోరు ఏసినా, కొత్త బండి తెచ్చినా, ఎవరో ఒక పెద్దాయనను పిలిచి "మీ చేతుల మీదుగ కానియ్యండి" అంటం. ఆయన రిబ్బను కత్తిరిస్తడు, లేకుంటే స్విచ్చి నొక్కుతడు, అందరం చప్పట్లు కొడతం. గోడ చాచాది, చాచా ముందట ఉన్నడు, ఇంతకన్నా మంచి మోకా మళ్ల దొరకదని అన్నకు అనిపించింది.

"చాచా," అన్నడు చేతులు జోడించి, "మీ చేతుల మీదుగ కానియ్యండి."

నేను కండ్లు మూసుకున్న.

చాచా కీబోర్డు తీసుకున్నడు. దస్తీతోని తుడిచిండు. కుర్చీల కూసుంటే చేతికి వజన్ రాదన్నడు, కింద చాప అడిగిండు. చాప దొరకలే, పాత బ్యానరు పరిచినం. దాని మీద కూసొని, కీబోర్డును మోకాలు ముందట పెట్టుకొని, మూడు వేళ్లు జోడించి, ఒక్క స్పేస్‌బార్ మీద మొదలువెట్టిండు. టక్. టక్. టక్. టక్.

ఆ గదిల అంత అందమైన పని అప్పటిదాకా ఎవరూ చెయ్యలే. చెయ్యి లేసే ఎత్తు ఒక్కటే, పడే జాగ ఒక్కటే, దెబ్బకూ దెబ్బకూ మధ్యల సందు ఒక్కటే. ఐదు నిమిషాలు కొట్టిండు. మధ్యల నాకు నిద్రొచ్చింది గూడ.

అంకె చూసిన. సున్న.

అప్పుడు సమజైంది. కుండలకు పోయేది దెబ్బ కాదు. దెబ్బకూ దెబ్బకూ మధ్యల వచ్చే తేడా. తేడా లేకుంటే కంప్యూటర్ ఏమనుకుంటది? ఇది నేను ముందే చెప్పగలిగేదే కద, ఇందుల గడబిడ ఏముంది అనుకుంటది, పారేస్తది. డెబ్బై ఏండ్లు దాటిన చెయ్యి, తడబడాలె, వణకాలె. వణకలే.

"ఎంతైందిరా?" అన్నడు అన్న గుసగుసగ.

"సున్నన్నా."

"ఇంకోసారి చూడు."

"చూడొద్దన్నా. చూసేదానికి గూడ ఒక చిన్న ప్రోగ్రామ్ నడవాలె. అది లేసి నిలబడనీకె ఆ కుండలకెళ్లే కొంచెం తాగుతది. చూసినప్పుడల్ల తగ్గుతది."

"అయితే చూడకు."

"సరే."

టక్. టక్. టక్.

"ఎంతైందిరా?"

నాలుగు దాటింది. కింద కంపెనీ మనిషి రెండో చాయ్ చెప్పిండు. కీబోర్డు నా చేతులకొస్తే ముప్పై సెకన్లల్ల అయిపోతది. రాదు. ఉస్తాద్ చేతిలకెళ్లి పనిముట్టు గుంజుకునుడు ఎక్కడ ఉంది? అందుల గోడ ఆయనదాయె. అన్న నాకు కండ్లతోని సైగ చేసిండు, చెప్పు అని. నేను ఆయనకు సైగ చేసిన, నువ్వే చెప్పు అని. ఇట్ల రెండు నిమిషాలు పోయినంక నేనే నోరు తెరిచిన.

"చాచా, జర... తప్పుగ కొడతరా?"

టక్ ఆగింది.

"క్యా బోలే?"

"అంటే... మీ చెయ్యి చానా మంచిగుంది. గదే ప్రాబ్లం. దీనికి అటూ ఇటూ పడ్డ దెబ్బలు కావాలె. కొత్తగ నేర్చుకునేటోడు ఎట్ల కొడతడో అట్ల."

చాచా అన్న దిక్కు తిరిగిండు. "ఈ పిల్లగాడు ఏమంటున్నడు? పదేండ్ల వయసుల ఒక్క దెబ్బ అటూ ఇటూ పడితే మా ఉస్తాద్ చెవి పట్టి లేపిండు. ఈ చెవి. చూడు, ఇప్పటికీ రెండోదానికన్నా పెద్దగుంటది. ఇప్పుడు ఈ ఉమ్ర్ల తప్పు నేర్చుకోవాల్నా?"

చెవులు చూసినం. నిజంగనే ఒకటి పెద్దగున్నది.

"మషీన్ కోసం, చాచా," అన్నడు అన్న. "ఆ గల్లీ నాకు... మీకు తెల్వదా. మీ హుక్కుకే కద మొట్టమొదటి వైరు కట్టిన."

చాచా మీసం దువ్వుకున్నడు. మళ్ల మొదలువెట్టిండు, ఈసారి తప్పుగ. ఆయన తప్పు ఎట్లుంటదంటే, దెబ్బ నెమ్మదైతది. టక్... టక్... టక్... అన్నీ ఒక్కతీరు నెమ్మది. నేను చూసిన, ఐదు. వేగం మార్చిన కాడ వచ్చిన ఐదు. తర్వాత మళ్ల చప్పగ. "ఇంకో తప్పు చాచా," అన్న. దబదబ కొట్టిండు, పెండ్లి బ్యాండులెక్క, అదీ ఒక్కతీరే. తొమ్మిది. అన్న చూపియ్యమంటే చూపించిన, నాలుగైంది.

కుండల అరవై నాలుగు నిండితేనే ఆ కమాండ్ ఒక గుక్క తాగుతది. అసుంటివి రెండు గుక్కలు కావాలె. ఈ లెక్కన తాళంచెవి తయారయ్యేసరికి చాచా రంజాన్ ఉపవాసాలు గూడ ఇక్కడనే ఉండాలె.

అయితే ఒక సంగతి నేను గమనించిన, అన్న గమనించలే. చాచా గడియారం చూసుడు బంద్ చేసిండు. ఆయన నుదుటి మీద చెమట వట్టింది. పెదవి కొరుకుతున్నడు. కబూతర్లు, నెట్టు, దస్తఖత్ అన్నీ పోయినయి. ఒక డబ్బా, టిఫిన్ డబ్బంత డబ్బా, తన చెయ్యి పనికి రాదంటున్నది. ఈ ఉమ్ర్ల. ఆయన దాన్ని ఒప్పించేదాకా లేసేటట్టు లేడు.

ఐదుకు పావుగంట ఉండంగ మెట్ల మీద అడుగుల సప్పుడు. ఈసారి ఆయాసం లేదు, కుర్రకాళ్లు. అవతలి కంపెనీ మనిషి తలుపుల నిలబడిండు, చేతిల కాగితాలు, చెవి మీద పెన్ను. మర్యాదగనే అన్నడు పాపం.

"సలాం చాచా. టైం అవుతున్నది. దస్తఖత్ పెడితే డ్రిల్లు మొదలువెడత."

చాచా తలెత్తలే. "రుకో."

"ఒక్క నిమిషం పని చాచా. ఇక్కడ, ఇంకోటి ఇక్కడ."

"రుకో బోలా నా!" ఒక దెబ్బ గట్టిగ పడ్డది. "పని చేసేటోని చేతికి అడ్డం," టక్, "వస్తవా?" టకటక్. "మీ ఇంట్ల," టక్, "ఇదేనా," టక్... టక్, "నేర్పింది?"

"అరె చాచా, నేనేమన్న?"

"ఏమన్నవా! ఉస్తాద్ కొడుతుంటే," టక్, "మా కార్ఖానల," టకటకటక్, "దగ్గు గూడ," టక్, "బయటికి పోయి దగ్గుతం! కాగితం దిఖాతా? ఎవనికి? నాకా?" ప్రతి మాటకు ఒక వేలు లేస్తున్నది, కొన్నిసార్లు రెండు, కోపం ఎక్కువైన కాడ చెయ్యి స్పేస్‌బార్ దాటి పక్క మీటల మీద పడుతున్నది. అరవై ఏండ్ల లయ మొత్తం పక్కకు జరిగి, దాని జాగల తిట్లు కూసున్నయి.

నేను లాప్‌టాప్ దిక్కు తిరిగిన. ముప్పై ఒకటి. యాభై. ఇగ చూడొద్దని నా చెయ్యి నేనే పట్టుకున్న. అన్న నా భుజం పట్టుకున్నడు. కంపెనీ మనిషి మాత్రం తన ఖర్మ బాగలేక ఇంకో మాటన్నడు.

"ఇంత చిన్నదానికి గింత లొల్లి ఎందుకు చాచా?"

లొల్లి అంటే ఏందో చాచా అప్పుడు చూపించిండు. నేను ఆ మాటలు రాయను, మా అమ్మ చదువుతది. కీబోర్డు మాత్రం అన్నీ రాసుకున్నది. గదిల ఎవ్వరూ ఊహించలేని వరుసల, ఎవ్వరూ ఊహించలేని సందులతోని.

పొద్దుటికెళ్లి మిణుకుమంటున్న కర్సర్ కిందికి జారింది. తాళంచెవి తయారైంది.

సర్వర్ స్టార్ట్ కొట్టిన. లేసింది. ముందుగదిల మోగుతున్న ఫోన్లు ఒక్కొక్కటి ఆగినయి. కింద గాజుల దుకాణంల ఆగిపోయిన పాట సగంలకెళ్లి అందుకున్నది. నెట్టు వచ్చిందని మాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పరు, చెయ్యకపోవుడే సమాచారం.

"అయింది చాచా," అన్న.

చాచా చెయ్యి గాలిల ఆగింది. "ఏం అయింది? నేను ఇంకా సరిగ్గ శురూనే చెయ్యలే."

"అయిపోయింది. తీసుకున్నది."

"ఏవి తీసుకున్నది?"

చెప్పక తప్పలే. "ఇప్పుడు ఈయనను తిట్టుకుంట కొట్టిన్రు కద. అవి."

చాచా కీబోర్డు దిక్కు చూసిండు, డబ్బా దిక్కు చూసిండు. నేను ఆయన సంతోషపడతడనుకున్న. ఆయన మొఖంల నాకు కనిపించింది సంతోషం కాదు. మంచి వరఖ్ తీసుకపోతే దుకాణదారు చిరిగినవి ఏరుకొని పెట్టుకున్నడనుకో, అట్లాంటి చూపు.

"ఖరాబ్ దెబ్బలు తీసుకుంటదా ఇది? ఇన్ని మంచివి ఇస్తే వాపస్ చేసి?"

"దాని పద్ధతి అంతే చాచా."

"ఏం మషీన్ మియా ఇది," అన్నడు లేస్తూ. మోకాళ్లు టప్పుమన్నయి. అప్పుడే అజాన్ మొదలైంది. ఆయన టోపీ సర్దుకొని, తలుపుల ఇంకా కాగితాలు పట్టుకొని నిలబడ్డ మనిషి ముందట ఆగిండు. ఆ మనిషి ఒకడుగు వెనకకు వేసిండు.

"బేటా, నేను జబాన్ ఇచ్చిన. అజాన్‌కు ముందే వచ్చింది. గోడ వాళ్లదే. నువ్వు నిచ్చెన తీసుకపో. చాయ్ నా ఖాతాల రాయించు." తర్వాత అన్న దిక్కు తిరిగి, డబ్బాను వేలుతోని చూపించిండు. "గోడ నీదే. గాని దాన్ని నా కార్ఖానా దిక్కు తీసుకరాకు. నా దగ్గర పని నేర్చుకునేటోళ్లు ఇద్దరున్నరు. అది చూస్తే చెడిపోతరు."

అన్న ఆయన రెండు చేతులు పట్టుకున్నడు. చాచా మెట్లు దిగిపోయిండు. నిచ్చెన గోడ మీదికెళ్లి తీస్తున్న సప్పుడు పైకి వినిపించింది. అన్న కుర్చీల కూసొని, రెండు చేతులతోని మొఖం తుడుచుకున్నడు. తర్వాత బిల్లుల కంప్యూటర్‌కు కీబోర్డు మళ్ల తగిలించుమన్నడు.

ఆ సాఫ్ట్‌వేర్ మాన్యువల్ తెల్లారి మొదటిపేజీ నుంచి చదివిన. ఆ తాళంచెవి సర్వర్ నడవడానికి కాదు, నడుస్తున్న సర్వర్‌కు బయటికెళ్లి ఆగు, మళ్ల మొదలువెట్టు అని హుకుం ఇయ్యడానికి మాత్రమే. సెట్టింగుల ఫైలుల దాన్ని పిలిచే లైను ముందట రెండు ఏటవాలు గీతలు పెడితే, సర్వర్ ఆ లైనును వదిలేసి తాళంచెవి లేకుండనే స్టార్ట్ అయితది.